మడిచి మూలన పెట్టలేని బల్ల

ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారెతో పాటు పంపే సామాను గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. కట్నంలో భాగంగా, పుట్టింటివారి అప్పులకు కారణంగా, కాపురం చెడినప్పుడు తిరిగి రాబట్టుకోవలసిన ఆస్తిగా దాన్ని చర్చించాం. ఆ సామానులో ఏముంటుంది, ఏముండదు అన్న విషయం మాత్రం అంతగా పట్టించుకోలేదు. మంచం, పరుపు, ఇనుప బీరువా, నిలువుటద్దమున్న డ్రెస్సింగ్ టేబుల్, వంటపాత్రలు, మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, స్తోమతను బట్టి వాషింగ్ మెషీను. పడుకోవడానికి, దాచిపెట్టడానికి, అలంకరించుకోవడానికి, వండడానికి, ఉతకడానికి అన్నీ ఉంటాయి. కూర్చుని చదువుకోవడానికి, రాసుకోవడానికి ఒక బల్ల, ఒక కుర్చీ ఉండవు. ఆ పిల్ల ఎమ్మే చదివినా, ఉద్యోగం చేస్తున్నా ఉండవు. కొత్త జీవితంలో ఒక స్త్రీకి ఏమేం అవసరమవుతాయని ఆమె పుట్టిల్లు, అత్తిల్లు కలిసి అనుకుంటున్నాయో ఈ జాబితా చెప్తుంది.

నేను మాట్లాడదలచుకున్నది ఆ జాబితాలో లేని వస్తువు గురించి. ఇంట్లో స్త్రీకంటూ ఒక గట్టి బల్ల. అది కొత్తది కానక్కరలేదు. పాత ఆఫీసు బల్ల అయితే ఇంకా మేలు. ఎందుకు మేలో తర్వాత చెప్తాను. స్త్రీ తన పనిని సగంలో వదిలి లేచి వెళ్ళి, మర్నాడు వచ్చి అదే చోట మళ్ళీ మొదలుపెట్టగలగడం ఒక హక్కు. దాన్ని మనం హక్కుగా గుర్తించలేదు, అడగలేదు.

ఈ మధ్య హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో కడుతున్న అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో పూజగది, స్టోర్ రూమ్‌తో పాటు ‘హాబీ రూమ్’ అనే మాట కూడా కనిపిస్తున్నది. అలాంటి గదులున్న కొన్ని ఇళ్ళు చూశాను. మగవాడికి ఫొటోగ్రఫీయో సంగీతమో ఇష్టమైతే ఆ గది ఆయనది. తలుపు వేసి ఉంటుంది. పిల్లలు తట్టి లోపలికి వెళ్తారు. ఆమెకు కుట్లు, బొమ్మలు, కథలు రాయడం ఇష్టమైతే అదే గదిలో ఇస్త్రీ బల్ల, ఉతికిన బట్టల గుట్ట, బియ్యం డబ్బా, అతిథులకోసం చుట్టిపెట్టిన పరుపు కూడా ఉంటాయి. తలుపు తీసే ఉంటుంది. ఎవరూ తట్టరు. గది కొలతలు రెండిళ్ళలోనూ ఒకటే కావచ్చు. లోపల కూర్చున్న మనిషి సమయాన్ని ఇల్లు ఎలా లెక్కిస్తున్నదన్న దగ్గరే తేడా వస్తున్నది.

‘హాబీ’ అనే మాటను కూడా మనం అనుమానించాలి. స్త్రీలు ఇంట్లో చేసే పనికి ఈ మాట అంటగట్టడం వెనుక ఒక చరిత్ర ఉంది. అది మన గోదావరి జిల్లాలోనే ఉంది. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో లేసు అల్లికలు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా మొదలయ్యాయి. ఇల్లు దాటి కూలికి వెళ్ళడం పరువు తక్కువని భావించే కుటుంబాల్లోని స్త్రీలు కూడా అరుగుల మీద, వాకిళ్ళలో కూర్చుని అల్లారు. ఆ లేసు విదేశాలకు వెళ్ళింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీలతో కలిసి చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఇంటి చాకిరీ అంతా చేస్తూనే రోజుకు ఎన్నో గంటలు అల్లే ఆ స్త్రీలను వ్యాపారులు, అధికారులు ‘ఖాళీ సమయంలో ఏదో చేసుకునే గృహిణులు’గా చూశారని ఆమె చూపించారు. అది కాలక్షేపం కాబట్టి కూలి తక్కువైనా ఫరవాలేదు. కాలక్షేపం కాబట్టి వాళ్ళు కార్మికులు కారు, కార్మికుల లెక్కల్లోకి రారు. అల్లే చేతులు స్త్రీలవి. సరుకు అమ్మే వ్యాపారం మగవాళ్ళది. ‘హాబీ’ అన్న ఒక్క మాట ఇంత లాభం తెచ్చిపెట్టింది.

ఇంట్లో ఉండి పని చేసే కార్మికుల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. బీడీలు చుట్టే స్త్రీ, అగరుబత్తీలు చుట్టే స్త్రీ, జాకెట్లకు మగ్గం వర్కు చేసే స్త్రీ, ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసే స్త్రీ వీరందరి పని స్థలం ఇల్లే. ఇల్లు పని స్థలమని ఒప్పుకుంటే అక్కడ వెలుతురు ఉందా, నడుము ఆనించే కుర్చీ ఉందా, సామాను పెట్టుకునే చోటుందా అని అడగవలసి వస్తుంది. ఒప్పుకోకపోతే ఏదీ అడగనక్కరలేదు.

స్త్రీకి సొంత గది కావాలన్న మాట వినగానే మనకు వర్జీనియా వూల్ఫ్ గుర్తొస్తుంది. 1928లో కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలల్లో ఆమె చేసిన ప్రసంగాల నుంచి వచ్చిన పుస్తకం 1929లో అచ్చయింది. స్త్రీ సాహిత్యం సృష్టించాలంటే ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం, తనకంటూ ఒక గది ఉండాలని ఆమె వాదించింది. ఈ వాదన దాదాపు వందేళ్ళుగా మనకు బలాన్నిస్తున్నది. అయితే వూల్ఫ్ ఇంట్లో వంటకూ పనికీ జీతానికి కుదిరిన స్త్రీలున్నారు. వాళ్ళకు రాసుకునే గది లేదు. మన ఇళ్ళల్లోనూ ఇదే పరిస్థితి. నా బల్ల మీద దుమ్ము తుడిచే స్త్రీ ఒకరుంటే, నేను బల్ల ముందు కూర్చున్న గంట ఆమె శ్రమతో వచ్చిందే. ఆమెకు వారానికొక సెలవు, న్యాయమైన జీతం లేకుండా నా సొంత గది గురించి నేను మాట్లాడే మాటలకు అర్థం లేదు.

గదికంటే ముందు సమయం సంగతి చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు వాటిపై రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడిపారు. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టిన పురుషులే 26 శాతం. స్త్రీలు 81 శాతం. 2024 సర్వేలో ఈ నిమిషాలు 289, 88గా ఉన్నాయి. అయిదేళ్ళలో స్త్రీలకు మిగిలింది పది నిమిషాలు. అదే అయిదేళ్ళలో పురుషుల వాటా పెరగలేదు సరికదా, తొమ్మిది నిమిషాలు తగ్గింది.

సర్వేలు నిమిషాలను లెక్కిస్తాయి. ఆ నిమిషాలు ఎలా ముక్కలవుతాయో లెక్కించడం కష్టం. స్త్రీకి దొరికే తీరిక ఒక్కచోట దొరకదు. పాలు పొంగేలోపు పది నిమిషాలు, పిల్లాడు ట్యూషన్‌లో ఉన్న నలభై నిమిషాలు, అందరూ పడుకున్నాక ఒక గంట. ఇలా తునకలుగా దొరికిన సమయంలో ఏ పనైనా సాగాలంటే, మొదలుపెట్టడానికీ ముగించడానికీ సమయం పోకూడదు. భోజనాల బల్ల మీద రాసే స్త్రీని చూడండి. కాగితాలు తీసి పరచడానికి అయిదు నిమిషాలు, ఎక్కడ ఆపానో వెతుక్కోవడానికి అయిదు నిమిషాలు, వడ్డించే వేళ కాగానే అన్నీ ఎత్తిపెట్టడానికి మరో అయిదు నిమిషాలు. కుట్టుపని చేసుకునే ఆమెకు ఇంకా ఎక్కువ. కత్తిరించిన ముక్కలు కలిసిపోతాయి, గుండుసూదులు పిల్లల కాళ్ళలో గుచ్చుకుంటాయని భయం. నలభై నిమిషాల్లో పాతిక మిగులుతాయి. కొన్నాళ్ళకు ‘ఈ మాత్రానికి ఎందుకులే’ అనిపిస్తుంది. స్త్రీలు మధ్యలో మానేసిన చదువులు, బొమ్మలు, కథలు, పరిశోధనలు ఎన్నో ఇలాగే ఆగిపోయాయి. ఎవరో వద్దన్నందువల్ల ఆగినవి కొన్ని. రోజూ పరిచి, రోజూ ఎత్తిపెట్టలేక ఆగినవి చాలా ఎక్కువ.

పని ఎత్తిపెట్టడమే కాదు, దాచిపెట్టడం కూడా స్త్రీల అక్షరాస్యత చరిత్రలో భాగం. 19వ శతాబ్దపు బెంగాలులో రాససుందరీ దేవి తన ఇంట్లోని చైతన్య భాగవతం నుంచి ఒక పుట తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకును పక్కన పెట్టుకుని, పొయ్యి దగ్గర పనుల మధ్య రహస్యంగా చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత తన ఆత్మకథ రాసింది. ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ ఇంటివాళ్ళందరూ తిరిగే గదిలో కూర్చుని, ఎవరైనా వస్తే చప్పున కప్పేయడానికి వీలుగా చిన్న చిన్న కాగితాల మీద రాసేదని ఆమె మేనల్లుడు రాశాడు. ఆమె రాసుకున్నదని చెప్పే బల్ల చాటన్ గ్రామంలోని ఆమె ఇంట్లో ఇప్పటికీ ఉంది. పన్నెండు అంచుల చిన్న వాల్‌నట్ బల్ల. ఒక పుస్తకం, సిరాబుడ్డి పెడితే నిండిపోతుంది. ఈ స్త్రీల పట్టుదలను కొనియాడుతూ మనం వాళ్ళు పడ్డ ఇరుకును కూడా ఒక ఆదర్శంగా చేసేశాం. ‘ఆవిడ వంటింట్లో కూర్చునే చదువుకుంది కదా’ అని నేటి స్త్రీకి చెప్పడం ఆమెకు బల్ల ఇవ్వకుండా తప్పించుకోవడమే.

మన పల్లెల్లో బల్ల ఎవరిదో కూడా గుర్తు చేసుకోవాలి. వాలుగా మూత ఉన్న రాతబల్ల ముందేసుకుని కూర్చున్నది కరణం, షావుకారు, ఆయన గుమాస్తా. ఆ బల్ల మీద ఎవరి పేరున ఎంత భూమో, ఎవరి పేరున ఎంత బాకీయో రాశారు. 1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పదవి పోయింది గాని బల్లకు అటు కూర్చునేవారు, ఇటు నిలబడేవారు అన్న తేడా పోలేదు. దళిత, బహుజన స్త్రీలు బ్యాంకులో, మండల కార్యాలయంలో, పోలీసు స్టేషనులో బల్లకు ఇటువైపే ఉన్నారు. మన సంఘాల సమావేశాల్లో కూడా అధికారి వస్తే బల్లా కుర్చీ తెప్పిస్తాం, సభ్యులం జంపఖానా మీద కూర్చుంటాం. కింద కూర్చోవడంలో తప్పు లేదు. ఎవరు కూర్చోవాలో ముందే నిర్ణయమైపోవడంలో తప్పుంది. ప్రభుత్వ పథకాల్లో స్త్రీలకు పంచిన వస్తువుల్లో బల్లకు దగ్గరగా వచ్చింది కుట్టుమిషను ఒక్కటే.

ఇక పాత బల్ల సంగతి. రెండేళ్ళ క్రితం నేను ఒక పాత సామాను దుకాణంలో టేకు బల్ల కొన్నాను. ఏదో ఆఫీసు ఖాళీ చేస్తే వచ్చిందట. దుకాణదారు అడిగిన మొదటి ప్రశ్న, ‘సార్‌కా మేడం, బాబు చదువుకా?’ అని. ‘నాకే’ అన్నాను. ఆయన నవ్వి ఒక చిన్న మడత బల్ల చూపించాడు. ‘ఇది తీసుకోండి, పని అయ్యాక మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు, ఇల్లు నీటుగా ఉంటుంది’ అన్నాడు. ఆయన దురుద్దేశంతో అనలేదు. స్త్రీ పని అయిపోగానే జాడ కనిపించకుండా పోవాలన్న లోకజ్ఞానమే ఆయన నోట వచ్చింది. నేను బరువైనదాన్నే కొన్నాను. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని కదలదు. ఆ బరువులోనే నాకు రక్షణ ఉందనిపించింది. ‘చుట్టాలొస్తున్నారు, కాసేపు పక్కకు జరుపుదాం’ అనడానికి వీల్లేని వస్తువు అది.

బల్ల వచ్చిన వారానికే దాని మీదికి ఇస్త్రీ బట్టలు, కరెంటు బిల్లులు, పుట్టినరోజు బెలూన్ల పాకెట్టు, ఎవరివో మందులు చేరాయి. ఇంట్లో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఖాళీగా కనిపించిన ఏ చోటైనా అందరిదీ అని ఇంటి అలవాటు. నాన్నగారి బల్ల మీద ఎవరైనా బట్టలు పెట్టారా అని నేను పెరిగిన ఇంటిని తలచుకుంటే సమాధానం దొరికింది. అందుకే ఇంట్లో ఒక నియమం చెప్పాను. ఈ బల్ల మీద ఉన్న ఏ వస్తువునూ ఎవరూ తీయరు, ఏదీ పెట్టరు. ఈ ఒక్క నియమం గురించి ఇంట్లో జరిగినంత చర్చ బల్ల ఖరీదు గురించి జరగలేదు.

కొనదలచినవారికి నాకు తెలిసిన కొన్ని విషయాలు చెప్తాను. ఇవి కూడా రాజకీయంలో భాగమే. ఎందుకంటే కర్ర, ఇనుము, కొలతలు మగవాళ్ళకే తెలుస్తాయని మనల్ని దుకాణం బయట నిలబెట్టారు. పాత బల్ల కొనేముందు దాన్ని తలకిందులు చేయించండి. పైన పాలిష్ ఎంతైనా పెట్టొచ్చు, అడుగున కర్ర అసలు రంగు కనిపిస్తుంది. సొరుగు పూర్తిగా బయటికి లాగి వెనక అతుకు చూడండి. చెక్కలోకి చెక్క దూర్చి బిగించిన అతుకు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మేకులు మాత్రమే కొట్టి ఉంటే వదులవుతుంది. కాళ్ళ దగ్గర సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు తొలుస్తున్నట్టు. మట్టి చారలుంటే చెద. టేకు చేవలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి చెద త్వరగా ముట్టుకోదు. లేత రంగు పైకర్రను మాత్రం తినేస్తుంది. పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు చూడ్డానికి కొత్తగా ఉంటుంది గాని, ఒకసారి నీళ్ళు తగిలితే అంచులు ఉబ్బుతాయి, మర మేకు ఊడితే మళ్ళీ పట్టదు. అందుకే అదే డబ్బుకు కొత్త బోర్డు బల్లకంటే పాత టేకు బల్ల మేలంటాను. చిత్రిక పట్టించి, ఉప్పుకాగితంతో రుద్దిస్తే మరో తరం వాడుకోవచ్చు.

ఎత్తు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆఫీసు బల్లలు సాధారణంగా 30 అంగుళాల ఎత్తుంటాయి. మన స్త్రీల సగటు ఎత్తు సుమారు అయిదడుగులు. ఆ ఎత్తున్న స్త్రీ పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే మోచేయి నేల నుంచి 24, 25 అంగుళాల దగ్గర ఉంటుంది. 30 అంగుళాల బల్ల మీద రాయాలంటే భుజాలు పైకెత్తాలి, లేదా కుర్చీ ఎత్తు పెంచి కాళ్ళు వేలాడేసుకోవాలి. మెడనొప్పి, భుజం నొప్పి ‘ఆడవాళ్ళకు మామూలే’ అనే మాటలో ఈ అంగుళాలు కూడా ఉన్నాయి. బల్లను మన శరీరం కొలతతో చేయలేదు. పాత కర్ర బల్లకున్న గొప్ప సౌకర్యం ఏమిటంటే దాని కాళ్ళు కోయించవచ్చు. మోకాళ్ళకు, సొరుగుకు మధ్య ఖాళీ సరిపోతుందో లేదో కూర్చుని చూసుకుని, వడ్రంగి చేత రెండంగుళాలు కోయించండి. నేను అలాగే చేశాను. కోయడం వీలుకాకపోతే కాళ్ళ కింద ఒక పీట పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తాళం పడే సొరుగు. సంఘాల సమావేశాల్లో నేను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటాను. మీ కాగితాలు ఎక్కడ పెట్టుకుంటారు? బీరువాలో చీరల మడతల మధ్య, బియ్యం డ్రమ్ములో ప్లాస్టిక్ సంచిలో, పుట్టింట్లో అమ్మ దగ్గర అని జవాబులొస్తాయి. బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది అంటే చాలామంది నవ్వుతారు. హింస భరించలేక రాత్రికి రాత్రి ఇల్లు వదిలిన స్త్రీలతో పని చేసినవారికి తెలుసు, ఆధార్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం, పెళ్ళి ఫొటో కూడా లేకుండా వచ్చిన మనిషి కేసు ఎక్కడ మొదలుపెట్టాలో. ఒక సొరుగు, దానికొక తాళంచెవి ఆమె కొంగున ఉంటే ఆ కేసు వేరుగా ఉండేది. సొరుగుకు తాళం ఎందుకన్న అనుమానం ఇంట్లో రావడమే, ఆ తాళం ఎంత అవసరమో చెప్తుంది.

బల్ల ఎవరిదన్నది కూడా తేల్చుకోవాలి. స్త్రీధనంపై భార్యదే పూర్తి హక్కు అనీ, దాన్ని భర్తకో అత్తమామలకో అప్పగించినా అది వాళ్ళ ఆస్తి కాదనీ ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు 1985లో స్పష్టం చేసింది. పెళ్ళిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి ఉంచాలన్న నియమాలు కూడా 1985లోనే వచ్చాయి. ఆ జాబితా రాసే ఇళ్ళు చాలా తక్కువని మనకు తెలుసు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం స్త్రీధనాన్ని అమ్మేయడాన్ని, వాడుకోనివ్వకపోవడాన్ని ఆర్థిక హింసగా గుర్తించింది. కనుక మన డబ్బుతో కొన్న వస్తువుకు మన పేరున రసీదు తీసుకోవడం చాదస్తం కాదు. పాత సామాను కొట్లో కూడా చీటీ రాయించుకోండి.

ఇంటి మీద హక్కు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం నివసించే ఇంట్లో స్త్రీ వారసులకు వాటా ఉన్నా, మగ వారసులు పంచుకోదలచేదాకా పంపకం అడిగే హక్కు వాళ్ళకు లేదు. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్ళి కాకపోతేనో, భర్త వదిలేస్తేనో, భర్త నుంచి విడిపోతేనో, వితంతువైతేనో. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించినా, ఈ 23వ సెక్షన్ 2005 దాకా అలాగే ఉంది. గృహహింస చట్టం కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. ఈ హక్కులన్నీ పోరాడి తెచ్చుకున్నవి. అయితే చట్టం మనల్ని గుమ్మం లోపలిదాకా తీసుకెళ్ళి ఆగుతుంది. లోపల ఏ మూల ఎవరిది, ఎవరి పనికి ఎంత చోటు అన్నది చట్టం చెప్పలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఇది బట్టబయలైంది. నేను ఎరిగిన ఇళ్ళలో భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంటే, తలుపున్న గది, బల్ల ఆయనకు వెళ్ళాయి. ఆమె మంచం మీదా, వంటింటి గట్టు దగ్గరా కంప్యూటరు పెట్టుకుంది. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ గొడవపడలేదు. దానంతటదే జరిగిపోయింది. దానంతటదే జరిగిపోయేవాటినే మనం ప్రశ్నించాలి.

ఇదంతా మధ్యతరగతి గోల అనేవారుంటారు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే బస్తీలో బల్ల ఎక్కడ పెడతారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే దీనికి జవాబు ‘అక్కడ బల్ల అవసరం లేదు’ అని కాకూడదు. ఇంట్లో చోటు లేనప్పుడు ఉమ్మడి చోటు కావాలి. పొదుపు సంఘం పుస్తకాల పెట్టె నాయకురాలి ఇంట్లో మంచం కింద ఉంటుంది. లెక్కలు ఆమె భర్తో కొడుకో చూస్తుంటారు. సంఘానికి ఒక గది, అందులో తాళాలున్న సొరుగులతో రెండు మూడు పాత బల్లలు ఉంటే లెక్కలు స్త్రీల చేతుల్లో ఉంటాయి. సాయంత్రం పదో తరగతి ఆడపిల్లలు అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. కార్యాలయాలు మూసేటప్పుడు, మార్చేటప్పుడు గట్టి బల్లలు తుక్కు ధరకు పోతుంటాయి. వాటిని అడిగి తీసుకోవడం మన సంస్థలకు కష్టమైన పని కాదు.

మన సంస్థల లోపలికి కూడా చూడాలి. పొద్దుటి నుంచి ఊళ్ళు తిరిగి, ఇంటికొచ్చి వండి, రాత్రి పదింటికి మంచం మీద బోర్లా పడుకుని రిపోర్టు నింపే కార్యకర్త మనలోనే ఉంది. ఆమెకు ప్రయాణ ఖర్చులిస్తాం, శిక్షణలిస్తాం. ఆమె ఆ రిపోర్టు ఎక్కడ కూర్చుని రాస్తుందని అడగం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంట్లో బల్ల ఉంది కదా అని ఆఫీసు పనంతా ఆమె ఇంటికి చేర్చడం మరో దోపిడీ అవుతుంది. రిపోర్టు పని వేళల్లో, ఆఫీసు బల్ల మీద పూర్తి కావాలి. ఇంటి బల్ల ఆమె సొంత పనికి. ఆ సొంత పని కథ కావచ్చు, అల్లిక కావచ్చు, ఆగిపోయిన డిగ్రీ కావచ్చు, ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా కావచ్చు. దానికి డబ్బు రానక్కరలేదు, ఎవరికీ ఉపయోగపడనక్కరలేదు. మగవాడి ఇష్టానికి మనం ఎన్నడూ ఉపయోగం లెక్క అడగలేదు.

అందువల్ల రెండు పనులు మన ముందున్నాయి. కుటుంబ హింస కేసుల్లో, సభ్యుల వివరాలు తీసుకునేటప్పుడు మనం వేసే ప్రశ్నల్లో మరో రెండు చేర్చాలి: మీ కాగితాలు ఎక్కడున్నాయి, తాళంచెవి ఎవరి దగ్గరుంది? కేంద్రాల బడ్జెట్లలో కుర్చీలకూ మైకులకూ రాసే పద్దుల పక్కన, సభ్యుల కోసం తాళమున్న బల్లలకు ఒక పద్దు పెట్టాలి. ఇవి ఎవరి అనుమతీ అక్కరలేని పనులు. ఇళ్ళల్లో జరగవలసిన మూడో పని ఒకటుంది. మన పిల్ల పెళ్ళికి సామాను జాబితా రాసేవాళ్ళు ఉంటే, ఆ జాబితా పక్కన పడేసి, ఆమె చదువుకునే రోజుల్లోనే, ఆమె ఎత్తుకు సరిపోయే ఒక గట్టి బల్ల ఆమె పేరున కొనివ్వాలి. ఆమె ఎక్కడికి వెళ్ళినా అది వెంట వెళ్ళాలి. ఎక్కడికీ వెళ్ళనంటే, ఉన్నచోటే ఉండాలి.